కొత్తగా విజిల్ పట్టిన అమ్మాయికి పిన్ని రాసిన ఉత్తరం

తల్లీ,

నిన్న నువ్వు ఫోన్ పెట్టేశాక చాలాసేపు నిద్ర పట్టలేదు. రిఫరీ కోర్సు పూర్తి చేశావు, రూల్ బుక్ రెండుసార్లు తిరగేశావు, పరీక్ష కూడా పాసయ్యావు. అయినా, "పిన్నీ, నేను ఆడిన రోజుల రూల్సే బుర్రలో తిరుగుతున్నాయి. కొత్తవి చదువుతుంటే పాతవే గుర్తొస్తున్నాయి. మైదానంలో నిలబడితే ఏమవుతుందోనని టెన్షన్‌గా ఉంది" అన్నావు. ఫోన్‌లో అరగంటలో తేలే సంగతి కాదని అప్పుడేమీ చెప్పలేదు. ఇరవై ఏళ్లకు పైగా మహిళల లాక్రోస్‌కి, అంటే కొసన వల జేబు ఉన్న స్టిక్‌తో బంతిని పట్టి విసిరి గోల్ కొట్టే ఆటకి, విజిల్ ఊదినదాన్ని. ఈ ఆటలో రూల్స్ మారినన్నిసార్లు ఇంకే ఆటలోనైనా మారాయేమో నాకు అనుమానమే. మారిన ప్రతిసారీ నాకూ నీలాగే ఉండేది. అందుకే తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను.

ముందు నీ భయం గురించి. నువ్వు కొత్త రూల్ గుర్తుండదేమోనని భయపడుతున్నావు. అది రెండు వారాల్లో గుర్తుండిపోతుంది, దాని గురించి బెంగ వద్దు. అసలు కష్టం పాత రూల్‌ని వదిలించుకోవడంలో ఉంది. పాత రూల్ పుస్తకంలోంచి పోయినా నీ చెవిలో, చేతిలో, విజిల్ పట్టుకున్న పెదవుల్లో మిగిలిపోతుంది. నా మాట నమ్మాలంటే నాకు జరిగింది చెప్తాను విను.

నువ్వు స్కూల్లో ఆడేటప్పుడు విజిల్ పడితే ఎక్కడివాళ్లు అక్కడే ఆగిపోవాలి, గుర్తుందిగా? ఒక్క అడుగు జరిగినా "వెనక్కి వెళ్లు" అనేవాళ్లం. మహిళల ఆటలో తరతరాలుగా వచ్చిన పద్ధతి అది. అమెరికా కాలేజీ ఆటలు నడిపే సంఘం ఎన్‌సీఏఏ దాన్ని 2018 సీజన్‌లో తీసేసింది. ఆ మరుసటి ఏడాది, 2019లో, హైస్కూల్ ఆటకీ అదే వచ్చింది. విజిల్ పడ్డాక కూడా అందరూ కదలొచ్చు. దాన్నే ఫ్రీ మూవ్‌మెంట్ అంటున్నాం. ఫౌల్ తగిలిన అమ్మాయి రిఫరీ రెండో విజిల్ కోసం చూడకుండా తనే ఆట మొదలుపెట్టుకునే సెల్ఫ్ స్టార్ట్ కూడా దీనికి తోడైంది.

2019 వసంతంలో ఒక స్కూల్ మ్యాచ్. నేను ఆ మార్పుల మీద క్లాసులు విన్నాను, పరీక్ష రాశాను, తోటివాళ్లకి చెప్పాను కూడా. మైదానం మధ్యలో ఒక డిఫెండర్ స్టిక్‌తో అవతలి అమ్మాయి చేతుల మీద కొట్టింది. విజిల్ ఊదాను, దిశ చూపించాను. బంతి ఉన్న అమ్మాయి ఫౌల్ జరిగిన చోటే క్షణం నిలదొక్కుకుని పరుగందుకుంది. చక్కటి సెల్ఫ్ స్టార్ట్. ఆమెతో పాటు ఇద్దరు గోల్ వైపు దూసుకెళ్లారు. నా చెయ్యి దానంతట అదే పైకి లేచింది. మళ్లీ విజిల్ ఊదేశాను. ఆ అమ్మాయి బ్రేకు వేసినట్టు ఆగింది, కాలు జారి మోకాలి మీద పడబోయి నిలదొక్కుకుంది. నా వైపు తిరిగి మౌత్‌గార్డ్ బయటికి లాగి, "మేడమ్, ఇప్పుడు ఆగక్కర్లేదు కదా?" అని అడిగింది. కోపంగా అడగలేదు. నిజంగా సందేహంతోనే అడిగింది, తనే తప్పు చేసిందేమోనని.

"నువ్వు చేసిందే సరైనది, తప్పు నాది" అని చెప్పి బంతి ఆమెకే ఇచ్చాను. కానీ అప్పటికి డిఫెన్స్ అంతా వెనక్కి చేరిపోయింది. ఆమె సంపాదించుకున్న అవకాశం నా అలవాటు వల్ల పోయింది. ఆ మోకాలు నేలకి తగలబోయిన క్షణం ఇప్పటికీ నా కళ్లముందు కదులుతుంది. నాకు రూల్ తెలుసు. నా చేతికి తెలియలేదు, అంతే.

అందుకని నా మొదటి సలహా: మారిన ప్రతి రూల్‌కీ ఒక కాగితం తీసుకుని నీ చేత్తో మూడు ముక్కలు రాసుకో. ఇంతకుముందు ఏముండేది, ఇప్పుడు ఏముంది, ఆ క్షణంలో నా చెయ్యి, నా విజిల్ ఏం చెయ్యాలి. ఈ మూడోది ఎవరూ రాసుకోరు, నిన్ను కాపాడేది మాత్రం అదే. సెల్ఫ్ స్టార్ట్‌కి నేను రాసుకున్నది ఇది: "ఫౌల్ విజిల్. దిశ చూపించు. విజిల్ నోట్లోంచి తియ్యి. చెయ్యి దించు." విజిల్ నోట్లోంచి తియ్యడం అనే చిన్న పనితోనే నా పాత అలవాటు పోయింది. నోట్లో లేని విజిల్‌ని పొరపాటున ఊదలేం కదా. తర్వాత పాత మ్యాచ్‌ల వీడియోలు పెట్టుకుని, తెర ముందు నిలబడి, ప్రతి ఫౌల్‌కీ చేతులతో సైగలు చేస్తూ నెల రోజులు సాధన చేశాను. చూసేవాళ్లకి వింతగా ఉంటుంది, నువ్వు పట్టించుకోకు.

సెల్ఫ్ స్టార్ట్‌కి హద్దులున్నాయి, అవీ నీ చేతికి అలవాటు కావాలి. క్లాక్ ఆగి ఉన్నా, కార్డు చూపించినా, గోల్ ముందు గీసిన 8 మీటర్ల ఆర్క్ లోపల పెద్ద తప్పు, అంటే మేజర్ ఫౌల్ అయినా, అమ్మాయి నీ విజిల్ కోసం ఆగాల్సిందే. ఫౌల్ చేసినవాళ్లు 4 మీటర్ల దూరం ఇవ్వాలి. ఇవ్వకుండానే అడ్డుపడితే అది మళ్లీ ఫౌల్. ఫ్రీ మూవ్‌మెంట్ అంటే డిఫెండర్‌కి స్వేచ్ఛ వచ్చేసిందని చాలామంది అనుకుంటారు. ఆ 4 మీటర్లు ఇవ్వాల్సిన బాధ్యత అలాగే ఉంది. కొత్త రిఫరీలు ఎక్కువగా వదిలేసేది ఇదే, నువ్వు వదలకు. వదిలావంటే బంతి ఉన్న అమ్మాయి సెల్ఫ్ స్టార్ట్ చెయ్యడమే మానేస్తుంది, ఆట మళ్లీ పాతకాలపు నత్తనడకకి వెళ్లిపోతుంది.

ఇక రెండో సంగతి. ఏ పుస్తకం కింద నిలబడ్డావో తెలుసుకోకుండా మైదానంలో అడుగు పెట్టకు. ఈ ఆటకి ఒక్క రూల్ బుక్ లేదు. అమెరికాలో కాలేజీలకి ఎన్‌సీఏఏ పుస్తకం, హైస్కూళ్లకి ఎన్‌ఎఫ్‌హెచ్‌ఎస్ పుస్తకం, చిన్నపిల్లల విభాగాలకి యూఎస్‌ఏ లాక్రోస్ రూల్స్, దేశాల మధ్య జరిగే పోటీలకి వరల్డ్ లాక్రోస్ రూల్స్. ఎన్‌సీఏఏ పుస్తకం రెండేళ్లకోసారి మారుతుంది, భద్రతకి సంబంధించినవైతే మధ్యలో కూడా రావచ్చు. మిగతావి వాటి లెక్కన అవి మారుతుంటాయి.

తేడాలు చిన్నవి కావు. కాలేజీలో, స్కూల్లో జట్టుకి 12 మంది. వరల్డ్ లాక్రోస్ మహిళల ఫీల్డ్ ఆటని 10 మందికి తగ్గించింది. సిక్సెస్ అనే కొత్త పద్ధతిలో ఆరుగురే. కాలేజీ మ్యాచ్ ఒకప్పుడు 30 నిమిషాల చొప్పున రెండు భాగాలు ఉండేది, 2022 నుంచి 15 నిమిషాల చొప్పున నాలుగు క్వార్టర్లు అయింది. కాలేజీల్లో పై స్థాయి అయిన డివిజన్ వన్ మహిళల ఆటకి 2017లో 90 సెకన్ల పొసెషన్ క్లాక్ వచ్చింది, అంటే బంతి దొరికిన జట్టు ఆలోపు గోల్‌కి కొట్టాలి. సిక్సెస్‌లో అది 30 సెకన్లే. చెకింగ్ సంగతి సరేసరి. మరీ చిన్నపిల్లల విభాగంలో స్టిక్ మీద స్టిక్ కొట్టడమే ఉండదు, పెద్దయ్యేకొద్దీ కొంచెం కొంచెంగా అనుమతిస్తారు.

నువ్వు శనివారం కాలేజీ మ్యాచ్ టీవీలో చూసి, ఆదివారం పదేళ్ల పిల్లల మ్యాచ్‌కి వెళ్తావనుకో. గట్టున నిలబడ్డ తల్లిదండ్రులూ అదే కాలేజీ మ్యాచ్ చూసి వచ్చి ఉంటారు. "అది ఫౌల్ ఎలా అవుతుంది? నిన్న టీవీలో చూశాం" అని అరుస్తారు. వాళ్లు అబద్ధం చెప్పట్లేదు, వేరే పుస్తకం చూసి వచ్చారంతే. వాళ్ల మీద చిరాకు పడకు. కానీ నీ బుర్రలో మాత్రం రెండు పుస్తకాలు కలిసిపోకూడదు. నేనైతే ప్రతి మ్యాచ్‌కి ముందు బ్యాగు సర్దుకునేటప్పుడు ఆ రోజు వర్తించే పుస్తకం ఒక్కటే బ్యాగులో పెట్టుకునేదాన్ని, మిగతావి ఇంట్లో వదిలేసేదాన్ని. కార్లో వెళ్తూ పైకే చెప్పుకునేదాన్ని: ఈరోజు 12 మంది, గోల్ వైపు ఇంతమందే ఉండాలని గీసే రిస్ట్రెయినింగ్ లైన్ అవతల ఎటాక్ వాళ్లు 7, డిఫెన్స్ వాళ్లు గోల్‌కీపర్‌తో కలిపి 8, క్వార్టర్ ఎన్ని నిమిషాలు, చెకింగ్ ఎక్కడి వరకు. గుళ్లో మంత్రంలా చెప్పుకోవాలి.

మార్పుకీ, వివరణకీ తేడా గురించి కూడా అడిగావు. మార్పు అంటే నిన్నటి వరకు సరైనది ఇవాళ తప్పు కావడం, లేదా తప్పు సరైనది కావడం. వివరణ అంటే రూల్ ఎప్పటినుంచో అలాగే ఉంది, మనమే తలా ఒకరకంగా చదువుకున్నాం, కాబట్టి ఒకే రకంగా చదవండి అని కమిటీ చెప్పడం. పుస్తకంలో మారిన చోట్లు రంగు వేసి చూపిస్తారు, అందరి కళ్లూ వాటి మీదే పడతాయి. వివరణలని ఎవరూ పెద్దగా పట్టించుకోరు. నా లెక్కలో వివరణే ఎక్కువ ప్రమాదకరం. ఎందుకంటే పదేళ్లుగా ఒక కాల్‌ని తప్పుగా ఇస్తున్నావని అది చెప్తోంది. మనసు ఒప్పుకోదు. "నేను ఇచ్చేదీ అదేగా" అనుకుని పేజీ తిప్పేస్తాం. ఈ సీజన్‌లో ఏ విషయం మీద గట్టిగా ఉండమంటున్నారో చెప్పే భాగం కూడా పుస్తకంలో ఉంటుంది. దాన్ని మొట్టమొదట చదువు. దేశమంతా రిఫరీలు ఎక్కడ తడబడుతున్నారో ఆ రెండు పేజీల్లో తెలిసిపోతుంది.

అన్నిటికన్నా ఎక్కువ వివరణలు అవసరమయ్యేది షూటింగ్ స్పేస్‌కి. దాని గురించి కాస్త ఎక్కువే రాస్తాను, ఎందుకంటే అమ్మాయిల ఆటకి గుండెకాయ లాంటి రూల్ అది, గట్టున ఉన్నవాళ్లకి బొత్తిగా అర్థం కానిదీ అదే. మగవాళ్ల ఆటలో అందరికీ హెల్మెట్లు, ప్యాడ్లు ఉంటాయి. ఇక్కడ గోల్‌కీపర్‌కి తప్ప ఎవరికీ అంత రక్షణ లేదు. బంతి చూస్తే గట్టి రబ్బరు, బరువు 142 గ్రాములకు తగ్గదు. దగ్గరి నుంచి బలంగా విసిరితే అది ముఖానికి తగిలిందంటే ఏమవుతుందో వేరే చెప్పాలా? అందుకే రూల్ ఇలా పెట్టారు: బంతి ఉన్న ఎటాకర్ గోల్ కొట్టే స్థితిలో ఉన్నప్పుడు, బంతి నుంచి గోల్ సర్కిల్ రెండు అంచులకీ గీతలు గీసినట్టు ఊహించుకుంటే వచ్చే ఆ త్రికోణంలో, ఎవరినీ స్టిక్ దూరంలో కాపలా కాయకుండా డిఫెండర్ నిలబడకూడదు. నిలబడితే మేజర్ ఫౌల్.

ఆమె ఎవరినీ తాకదు. ఒక్కోసారి కదలను కూడా కదలదు. అందుకే గట్టు మీంచి "ఏం చేసిందని ఫౌల్?" అని అరుపులు. ఆమె ప్రమాదంలో నిలబడింది, అదే ఆమె చేసింది. ఆమెని ఆమె నుంచే కాపాడే రూల్ ఇది. ఈ "ఎందుకు" నీకు ఒంట్లోకి ఇంకిపోతే మిగతా వివరణలన్నీ వాటంతట అవే అర్థమవుతాయి. ఎటాకర్ గోల్‌కి వీపు తిప్పి నిలబడి ఉంటే షూటింగ్ స్పేస్ ఎందుకు కాదు? అప్పుడు ప్రమాదం లేదు కాబట్టి. ఆర్క్ లోపల డిఫెండర్ ఎవరినీ కాయకుండా 3 సెకన్లకు మించి ఉండకూడదని ఇంకో రూల్ ఎందుకు? ఆమె అలా ఊరికే నిలబడితే ఎప్పుడో ఒకప్పుడు బంతి దారిలో పడుతుంది కాబట్టి. రెండూ అన్నదమ్ముల్లాంటి రూల్స్. విడివిడిగా బట్టీ పడితే కలగాపులగం అవుతాయి.

చూడడం ఎలాగో చెప్తాను. కొత్తవాళ్లు బంతినే చూస్తుంటారు. బంతి చేతులు మారుతున్నప్పుడు ఒక్క క్షణం దాన్ని వదిలేసి, అందుకోబోయే అమ్మాయికీ గోల్‌కీ మధ్య ఎవరున్నారో చూడు. ఆ డిఫెండర్ స్టిక్ చాపితే తను కాయాల్సిన అమ్మాయి అందుతుందా లేదా? అందకపోతే నీ చెయ్యి జెండా వైపు వెళ్లాలి, అంటే ఫౌల్ చూశానని జెండా ఎత్తి ఎటాక్‌ని సాగనివ్వాలి. బంతి అందుకున్నాక చూడడం మొదలుపెడితే ఆలస్యమైపోతుంది. నువ్వు నిలబడే చోటు కూడా ముఖ్యం. గోల్ లైన్ దగ్గర, పక్కగా, ఆ త్రికోణం నీకు స్పష్టంగా కనిపించేలా నిలబడు. ఎటాకర్ వెనకనుంచి ఇది ఎప్పటికీ కనిపించదు. చిన్నపిల్లల మ్యాచ్‌లో ప్రమాదం కనిపిస్తే జెండా, ఎటాక్‌కి లాభం అని ఆలోచిస్తూ కూర్చోకు, విజిల్ ఊదెయ్యి. పోయే గోల్ పోనీ.

తల చుట్టూ 18 సెంటీమీటర్ల ఊహా గోళం ఉంటుందని చదివావుగా. స్టిక్‌తో దాన్ని దాటి తలకి తగిలితే కార్డు ఇవ్వాల్సిందే. ఇక్కడ కొత్త రిఫరీలకి చెయ్యి రాదు. "పాపం కావాలని కొట్టలేదు" అనిపిస్తుంది. నాకూ అనిపించేది. నిజమే, నూటికి తొంభైమంది కావాలని కొట్టరు. దెబ్బ తిన్న తలకి ఆ తేడా తెలియదు. అమ్మాయిల ఆటలో తలకి తగిలే దెబ్బలు ఎక్కువగా స్టిక్ వల్లో బంతి వల్లో వస్తాయి, ఒకరినొకరు గుద్దుకోవడం వల్ల కాదు. అందుకే పుస్తకం ఈ విషయంలో నీకు ఆలోచించే వీలు కూడా వదల్లేదు. పసుపు కార్డు తీస్తే ఆమె 2 నిమిషాలు బయట కూర్చుంటుంది, జట్టు ఒకరు తక్కువగా ఆడుతుంది. రెండోసారి పసుపు వస్తే ఆ మ్యాచ్‌లో ఇక ఆడదు. మొదటి పది నిమిషాల్లో తలకి తగిలినదానికి కార్డు తీసిన మ్యాచ్‌లు ఎప్పుడూ ప్రశాంతంగా ముగిశాయి. "ఈసారికి వదిలేద్దాం" అనుకున్న మ్యాచ్‌లే చివర్లో చెయ్యి దాటిపోయాయి.

ఆట మొదలయ్యేటప్పుడు, గోల్ పడ్డాక ఇద్దరు బంతి కోసం పోటీపడే డ్రా దగ్గర పెద్దగా చెప్పేదేమీ లేదు, అది చేస్తూ చేస్తూ వచ్చే పని. ఇద్దరు సెంటర్లూ స్టిక్‌లు వీపు వీపు ఆనించి, సెంటర్ లైన్ మీదుగా, నడుము పైన పట్టుకుంటారు. మధ్యలో బంతి నువ్వే పెడతావు. రెండు స్టిక్‌లూ సమానంగా ఒత్తుకుంటున్నాయో లేదో నీ వేలి కొసకి తెలుస్తుంది, కంటి కన్నా వేలినే నమ్ము. "కదలొద్దు" అని చెప్పి వెనక్కి జరిగి విజిల్. బంతి ఇద్దరి తలల కన్నా పైకి లేవాలి. 2018 నుంచి కాలేజీ ఆటలో, తర్వాత స్కూళ్లలో, బంతి ఒకరి వశమయ్యేవరకు రిస్ట్రెయినింగ్ లైన్ల మధ్య జట్టుకి ముగ్గురే ఉండాలి. అంతకుముందు ఆ మధ్యలో ఎంత తోపులాట ఉండేదో నీకు తెలుసు, నువ్వే అందులో ఉన్నావు. నా మట్టుకు నాకు ఇటీవలి మార్పులన్నిటిలోకీ ఇదే బాగా నచ్చింది.

సామాను తనిఖీని మొక్కుబడిగా చెయ్యొద్దు. స్టిక్ చేతిలోకి తీసుకో. పొడవు 90 నుంచి 110 సెంటీమీటర్ల మధ్య ఉండాలి. స్టిక్ వల జేబులో బంతి వేసి ఒత్తు, చెయ్యి తియ్యి, స్టిక్‌ని నీ కంటికి సమానంగా ఎత్తి పక్కనుంచి చూడు. బంతి పైభాగం జేబు పక్క చట్రం, అంటే సైడ్‌వాల్ అంచు కన్నా కొంచెమైనా పైకి కనిపించాలి. దాని వెనక నుంచి వెలుగు పడేలా నిలబడితే తేలిగ్గా తెలుస్తుంది. ఒకప్పుడు ఫీల్డ్ ప్లేయర్లకి తోలు పట్టీలు, తాళ్లతో అల్లిన జేబు మాత్రమే ఉండేది, ఇప్పుడు మెష్ కూడా ఒప్పుకుంటున్నారు. తోలు తడిస్తే సాగుతుంది. వాన పడే రోజు మ్యాచ్‌కి ముందు సరిగ్గా ఉన్న స్టిక్ సగం ఆట అయ్యేసరికి లోతుగా దిగిపోతుంది. అలాంటి రోజు ముందే అమ్మాయిలకి చెప్పు: "తాళ్లు బిగించుకుంటూ ఉండండి, మధ్యలో చూస్తాను" అని. దొరికించుకోవడం కోసం చూడకు. బిగించుకోవడం తెలియని పిల్ల అయితే పక్కకి పిలిచి చూపించు.

నేను మొదలుపెట్టిన కొత్తలో అమ్మాయిలకి కంటి రక్షణకి పెట్టుకునే కళ్లద్దాలు తప్పనిసరి కాదు. 2005 నుంచి అమెరికాలో తప్పనిసరి చేశారు. అప్పుడు ఎంత గొడవ జరిగిందో! ఆట స్వరూపం పోతుందన్నారు, అద్దాలు పెట్టుకుంటే ఇంకా మొరటుగా ఆడతారన్నారు. తర్వాత కంటి గాయాలు బాగా తగ్గాయి, ఇవాళ కళ్లద్దాలు లేకుండా ఆడే అమ్మాయిని ఊహించలేం. అచ్చం అవే మాటలు ఇప్పుడు తలకి రక్షణగా పెట్టుకునే హెడ్‌గేర్ విషయంలో వింటున్నాను. చాలాచోట్ల అది ఇష్టమైతే పెట్టుకోవచ్చు, పెట్టుకుంటే ఏఎస్‌టీఎం ఎఫ్3137 అనే భద్రతా ప్రమాణానికి సరిపోయేది అయి ఉండాలి. ఫ్లోరిడా హైస్కూళ్లలో అది తప్పనిసరి. నా అభిప్రాయం అడిగితే, పెట్టుకున్న పిల్లని ఎవరూ చులకనగా చూడకుండా చూసుకోవడం మన పని. ప్రమాణం ముద్ర ఉందో లేదో చూడడమూ మన పనే. గోల్‌కీపర్ ఛాతీ కవచం మీద కూడా ఎన్‌ఓసీఎస్‌ఏఈ అనే భద్రతా ప్రమాణాల సంస్థ ముద్ర వెతుకు. గుండె మీద సరిగ్గా చెడ్డ క్షణంలో బంతి తగిలితే ఆరోగ్యంగా ఉన్న పిల్ల గుండె కూడా ఆగిపోగలదు. ఆ ప్రమాణం వచ్చింది అందుకే. పాత కవచం, అక్క వాడింది, బాగానే ఉంది అంటారు. ముద్ర లేకపోతే ఆడనివ్వకు. ఆ ఒక్క విషయంలో ఎవరు బతిమాలినా కరగొద్దు.

కోచ్‌లతో మాట్లాడడం గురించి. మ్యాచ్‌కి ముందు ఇద్దరు కోచ్‌లనీ కలిసినప్పుడు, ఈ ఏడాది మారినవాటిలో రెండు మూడు ముఖ్యమైనవి నువ్వే ముందు ప్రస్తావించు. "ఇవి ఇలా చూడబోతున్నాం" అని చెప్పు. ఆ తర్వాత ఆ కాల్ వచ్చినప్పుడు వాళ్లకి ఆశ్చర్యం ఉండదు. ఆట మధ్యలో ఎవరైనా అడిగితే ఒక్క వాక్యంలో చెప్పు: ఏం చూశావో, ఏ రూలో. "రూల్ బుక్‌లో ఉంది" అని మాత్రం అనకు, అది తలుపు ముఖం మీద వేసినట్టు ఉంటుంది. తప్పు చేశావని తెలిస్తే ఒప్పుకో, ఆ రోజు నేను ఆ అమ్మాయితో ఒప్పుకున్నట్టు. ఒప్పుకున్నందుకు నన్ను ఎవరూ తక్కువగా చూడలేదు. నీతో పాటు నిలబడే రిఫరీతో కూడా ముందే కూర్చో. ఎవరు ఎక్కడ చూస్తారు, డ్రా ఎవరిది, 4 మీటర్లు ఎవరు కొలుస్తారు, కొత్త రూల్‌లో ఏదైనా అనుమానం ఉందా అని అడుగు. పెద్దవాళ్లు కదా అని మొహమాటపడకు. ముప్పై ఏళ్ల అనుభవం ఉన్నవాళ్ల చేతుల్లో ముప్పై ఏళ్ల పాత అలవాట్లు కూడా ఉంటాయి, నీకు ఆ బరువు తక్కువ.

ఇన్ని మార్పులు ఎందుకు, ఉన్న ఆటని ఉన్నట్టు ఉంచొచ్చుగా అని నువ్వు ఫోన్‌లో విసుక్కున్నావు. నేనూ విసుక్కున్నదాన్నే. తర్వాత వెనక్కి తిరిగి చూస్తే నాకు అర్థమైంది ఇది. ఈ ఆట ఉత్తర అమెరికా ఆదివాసీలైన హొడెనొషోనీ ప్రజలది, అక్కడ అది మగవాళ్లు ఆడే ఆట. మహిళల లాక్రోస్ 1890లో స్కాట్లాండ్‌లోని సెయింట్ లియొనార్డ్స్ స్కూల్లో మొదలైంది. ఒకప్పుడు ఆ స్కూల్ హెడ్‌మిస్ట్రెస్‌గా ఉన్న లూయిజా లమ్స్‌డెన్ కెనడాలో ఈ ఆటని చూసి ముగ్ధురాలైంది. 1926లో రోజబెల్ సింక్లెయిర్ బాల్టిమోర్‌లోని బ్రిన్ మావర్ స్కూల్లో దీన్ని నాటింది. చాలాకాలం మైదానానికి గీసిన హద్దులే ఉండేవి కావు. చెట్టో గోడో అడ్డొస్తే అదే హద్దు. అప్పటివాళ్లు ఇవాళ మన మైదానం చూస్తే ఇన్ని గీతలేమిటి అంటారేమో. కానీ ఆ గీతల్లో చాలావాటి వెనక ఒక గాయమో, ఒక తగవో ఉంది. అమ్మాయిలు ఏటికేడు వేగంగా, బలంగా ఆడుతున్నారు. వాళ్ల వెనకే రూల్ పరుగెడుతోంది. ఇవాళ హొడెనొషోనీ అమ్మాయిలు కూడా తమ జాతి పేరుతో ప్రపంచ పోటీల్లో ఆడుతున్నారు. అది చూసినప్పుడు నాకు కళ్లు చెమరుస్తాయి.

సిక్సెస్‌ని కూడా తేలిగ్గా తీసుకోకు. 2023 అక్టోబర్‌లో ముంబైలో జరిగిన ఒలింపిక్ కమిటీ సమావేశంలో క్రికెట్‌తో పాటు లాక్రోస్‌ని కూడా 2028 లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్‌లోకి తీసుకున్నారు. 1904లో, 1908లో పతకాలకి ఆడారు, అప్పుడు మగవాళ్లే. అమ్మాయిలు ఒలింపిక్స్‌లో లాక్రోస్ ఆడబోయేది ఇదే మొదటిసారి. ఆడబోయేది సిక్సెస్. 70 మీటర్ల పొడవు, 36 మీటర్ల వెడల్పు ఉన్న చిన్న మైదానం, 8 నిమిషాల క్వార్టర్లు నాలుగు, గోల్ పడ్డాక డ్రా లేకుండా గోల్‌కీపరే బంతి తీసి ఆట మొదలుపెడుతుంది. నువ్వు ఒక సిక్సెస్ మ్యాచ్‌కి విజిల్ ఊది చూడు, గోల్ పడగానే నీ కాళ్లు సెంటర్ వైపు వాటంతట అవే పరుగెడతాయి. అప్పుడు తెలుస్తుంది అలవాటు అంటే ఏమిటో. దానికీ ఒక కాగితం రాసుకో.

నీ మొదటి మ్యాచ్‌కి ముందు వారం నా దగ్గరికి రా. పాత మ్యాచ్ ఒకటి పెట్టుకుని ఇద్దరం నిలబడి సైగలు చేద్దాం. నువ్వు కాల్ ఇచ్చిన ప్రతిసారీ నేను "ఎందుకు?" అని అడుగుతాను, ఒక్క వాక్యంలో చెప్పాలి. వచ్చేటప్పుడు నువ్వు రాసుకున్న కాగితాలు, ఈ ఏడాది రూల్ బుక్ తీసుకురా. నా పసుపు జెండా ఇంకా బాగానే ఉంది, అది నీకిస్తాను. విజిల్ మాత్రం కొత్తది కొనుక్కో, నోటికి అలవాటు కావాలి కాబట్టి ఇప్పుడే.

ప్రేమతో,
పిన్ని